తడి చేతి హాజరు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ అంత కాదు లెండి, కంచెలు వెయ్యడం మొదలయ్యాక కాస్త తగ్గింది, చెవులమ్మ అనే కుందేలు ఉండేది. వాగొడ్డు పచ్చిక మీదే దాని సంసారం నడిచేది. ఆ ఎండాకాలం దానికి కాన్పయింది. పిల్లలకి పాలు పడాలంటే తల్లికి పచ్చిమేత కావాలి.

సరిగ్గా అప్పుడే అడవి సభవారు ఆ పచ్చిక చుట్టూ ముళ్ళకంచె వేయించారు.

"ఇదేం అన్యాయం సెక్రటరీ గారూ?" అంటూ చెవులమ్మ లబోదిబోమని పరిగెత్తింది.

సెక్రటరీ అంటే నక్క. సింహం గారు మధ్యాహ్నం కునుకు తియ్యడానికి ఈ పచ్చికలాంటి మెత్తటి చోటు చూసిపెడితే మంత్రి పదవి ఖాయమని దాని ఆశ. ఆ మాట పైకి చెబుతుందా?

"పిచ్చిదానా, ఇంకా గడ్డి కోసం ఏడుస్తావేంటి? ఇకనించి మట్టితో పనే లేదు. ఇంటికో బకెట్టు, బకెట్టుకి గుబురుగా పాలకూర! మొదటి లబ్ధిదారువి నువ్వే. ఏదీ, చప్పట్లు కొట్టు."

చెవులమ్మ కొట్టింది. కొట్టకపోతే ఆ బకెట్టు కూడా రాదేమోనని భయం.

పథకానికి నిపుణుడు కొంగ. పట్నంలో ఎవరిదో మేడ మీద ఒంటికాలి మీద నిలబడి ఈ సేద్యమంతా చూసొచ్చిన ఘనుడు. కోతులు ఊళ్ళోంచి ఎత్తుకొచ్చిన రంగు బకెట్లకి మూతలు పెట్టించాడు. మూతకి చిల్లు, చిల్లులో చిన్న బుట్ట, బుట్టలో గులకరాళ్ళు, రాళ్ళ మధ్య పాలకూర మొక్క. అడుగున ఎరువు కలిపిన నీళ్ళు.

"నీళ్ళు బుట్టదాకా నింపకూడదు. మధ్యలో ఖాళీ ఉంచాలి. వేళ్ళకీ ఊపిరాడాలి కదా," అన్నాడు కొంగ మాస్టారు.

నీళ్ళలోకి గాలి ఊదడానికి బకెట్టుకో కప్పని ఉద్యోగంలో పెట్టారు. నిపుణుడు కొంగ కావడం వల్ల ఆ ఉద్యోగాల్లో ఎప్పుడూ ఖాళీలే.

అదైనా ఎలాగో సర్దుకునేదేమో. కానీ ఆ సభకి ఓ ఆచారం ఉంది. పొద్దున్నే సభ బండ దగ్గర ఉద్యోగులంతా చెయ్యి చాపాలి. తడిగా ఉంటే పని చేసినట్టు, హాజరు పడుతుంది. పొడిగా ఉంటే సోమరిపోతు. ఎప్పుడో వాగుకి కట్ట కట్టే రోజుల్లో పెట్టిన రూలు. కట్ట కొట్టుకుపోయింది, రూలు నిలిచింది.

బకెట్ల పక్కనే నీళ్ళ తొట్టి, మగ్గు ఉన్నాయాయె. ఇంకేం కావాలి?

"ఎలుగన్నా, ఆగాగు! ఇప్పుడే దుప్పి పోసెళ్ళింది. నిండిపోయింది," అని చెవులమ్మ అడ్డం పడింది.

"దుప్పి పోస్తే దుప్పికి హాజరు. నాకెవడేస్తాడు, మీ ఆయనా?" అని ఎలుగుబంటి మగ్గు బోర్లించి, చెయ్యి ఆరకుండా పైకెత్తుకుని పరుగు తీసింది.

"కొంగ మాస్టారూ, మీరైనా చెప్పండి బాబూ!"

మాస్టారు అటూ ఇటూ చూసి తనూ ఓ మగ్గు పోశాడు. "నేనూ ఉద్యోగినే కదమ్మా."

ఊపిరాడక మొక్కల వేళ్ళు నల్లబడి జిగట సాగాయి. ఆకు పండిపోయింది. చెవులమ్మ ఎండుటాకులు నమిలి పిల్లల దగ్గర పడుకుంటే, అవి కాసేపు చీకి, పాలు రాక కీచుమనేవి.

"నీళ్ళు చాల్లేదు. ఇంకో మగ్గు పోయించండి," అంది నక్క.

ఇంతలో సింహం గారు తనిఖీకి వస్తున్నారని కబురు. తెల్లారకముందే నక్క తనే కంచె దాటి, వాగొడ్డు గరిక కోసుకొచ్చి, బుట్టల్లో కుచ్చులు కుచ్చులుగా గుచ్చింది.

సింహం వచ్చింది. పచ్చదనం చూసి మురిసిపోయింది. ఆచారం ప్రకారం నీళ్ళు పొయ్యాలి కదా, రాజు మగ్గుతో పోస్తే ఏం బావుంటుంది? తొట్టి ఎత్తి కుమ్మరించింది. గరిక కుచ్చులన్నీ తేలిపోయాయి. ఒక్కదానికీ వేరు లేదు.

చెవులమ్మ ఆగలేక ఓ కుచ్చు లాక్కుని నమిలింది. "ఇది మా వాగొడ్డు గరికండీ!"

"నోర్ముయ్యవే!" అని నక్క చేతులు కట్టుకుంది. "ప్రభూ, మొదట మట్టి తీసేశాం. ఇప్పుడు వేరు కూడా తీసేశాం."

"వేరు కూడా లేకుండానా!" సింహం కళ్ళు పెద్దవయ్యాయి. "పక్క అడవివాళ్ళకి ఇంకా రాలేదు కదా ఇది?"

ఇక వాదించి లాభం లేదని చెవులమ్మకి అర్థమైంది. నమిలింది మింగి, దణ్ణం పెట్టింది.

"ప్రభూ, మట్టీ వద్దు, వేరూ వద్దు అంటే ఇంత భాగ్యం మాబోటివాళ్ళకేనా? పాపం, సెక్రటరీ గారు మాకోసం తిరిగి తిరిగి ఎంత చిక్కిపోయారో చూడండి. ఆయన్నీ ఓ బకెట్లో నాటించండి. పుంజుకుంటారు."

"నిజమేనయ్యోయ్, బొత్తిగా ఎముకలు తేలిపోయావ్!" అని సింహం అప్పటికప్పుడు ఆజ్ఞ ఇచ్చి వెళ్ళిపోయింది.

రాజాజ్ఞ కదా. నక్కని అన్నిటికంటే పెద్ద బకెట్లో దించి, మూత బిగించారు. చిల్లులోంచి తల ఒక్కటే బయటికి. మర్నాడు పొద్దున్నే హాజరు వేళయింది. దుప్పి పోసింది. ఎలుగుబంటి పోసింది. కొంగ మాస్టారు పోశాడు. నీళ్ళు నక్క గడ్డం తాకాయి.

"ఆపండ్రా! ఊపిరాడట్లేదు!"

"మరి హాజరో సార్?" అంది వెనకనించి అడవిపంది.

చెవులమ్మ నింపిన మగ్గు పట్టుకుని ముందుకొచ్చింది. "సెక్రటరీ గారూ, లబ్ధిదారుల తరఫున నేనూ ఓ మగ్గు పొయ్యనా?"

"తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, చేతులు లోపలున్నాయి గానీ! ఏం కావాలో చెప్పు!"

"కంచె తీయించండి."

"తీసెయ్యండి! ఇవాళ్టినించి హాజరు తడి చేతికి కాదు. కంచె ముల్లు పీకి తెచ్చినవాడికే హాజరు!"

మగ్గులు గాల్లోకి లేచాయి. హాజరు మీద అంత ప్రేమున్న ఉద్యోగులకి ఆ కంచె ఎంతసేపు? ఆఖరి ముల్లు కోసం ఎలుగుబంటీ అడవిపందీ కొట్టుకుంటుంటే, చెవులమ్మ వాటి కాళ్ళ మధ్యనించి దూరి, కడుపునిండా మేసి, పిల్లల దగ్గరికి వెళ్ళి పడుకుంది. ఈసారి అవి కీచుమనలేదు.

నీతి: పథకంలో లోపముందని అధికారికి చెప్పకండి, ఆయన్ని లబ్ధిదారుల్లో చేర్పించండి.