నాలుగు టిక్కుల కవరు

కవరు మీద టిక్కు పెట్టారంటే ఏం చేసినట్టు?

ఈ ప్రశ్న నాది కాదు. నరసరావుపేటలో పంపుసెట్లు బాగుచేసే అబ్దుల్ మజీద్ గారి భార్య హజ్రా బీ అడిగింది. అడిగి పదమూడు రోజులైంది. మా సంఘం కార్యాలయంలో నలుగురం విద్యావంతులం ఉన్నాం. ఇంతవరకూ ఒక్కరమూ జవాబు చెప్పలేదు.

జవాబు దొరికేలోగా నేనొక సత్యాన్ని నిర్భయంగా ప్రకటించదలచుకున్నాను. ఒక కార్యాలయంలో ఎన్ని బల్లలున్నా, వచ్చిన ఉత్తరాలు పడవలసిన ట్రే ఒక్కటే ఉండాలి. బల్లకొక ట్రే ఉండటం అనాగరికుల లక్షణం. ఎవరి ఉత్తరం వారికి అందడం స్వార్థానికి తొలిమెట్టు. ఇందులో సందేహమున్నవారు మా మేడ మెట్లు ఎక్కి చూడవచ్చు.

మాది స్త్రీల చదువుకు సహాయం చేసే చిన్న సంఘం. స్టేషను రోడ్డులో ఒక మందుల దుకాణం పైన రెండు గదులు. మూడు బల్లలు. మొదటి బల్ల సూపరింటెండెంటు వెంకట్రామయ్య గారిది. రెండోది గుమాస్తా యేసుపాదానిది. మూడోది టైపిస్టు నాగేంద్రమ్మ గారిది. నేను ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాక ఈ సంఘానికి గౌరవ ఉపాధ్యక్షురాలినయ్యాను. మంగళవారం మంగళవారం వెళ్లి, కార్యవర్గం తరఫున కూర్చుని వస్తుంటాను.

రెండేళ్ల కిందటి దాకా మేమూ అనాగరికులమే. మూడు బల్లల మీద మూడు ట్రేలుండేవి. అప్పుడు వెంకట్రామయ్య గారు ఆఫీసు నిర్వహణ మీద మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన మర్నాడే రెండు ట్రేలు అటక ఎక్కాయి. మిగిలినదాన్ని గది మధ్యలో స్టూలు మీద ప్రతిష్ఠించారు. పైన గోడకు గులాబీరంగు కాగితం అంటించారు. "ఉత్తరం ఒకరిది కాదు, అందరిది."

నియమం చాలా సులువు. ట్రేలో పడిన ప్రతి కవరునూ ముందు చూసినవారు విప్పాలి. చదివాక కవరు మీద టిక్కు పెట్టి, తిరిగి ట్రేలోనే వేయాలి. తర్వాతివారూ అంతే. మూడు బల్లలకు మూడు టిక్కులు, కార్యవర్గానికి ఒకటి. నాలుగూ పూర్తయిన కవరు పని పూర్తయిన కవరు. దాన్ని శుక్రవారం నాడు కట్టగట్టి బీరువాలో పెడతారు.

ఇంతకన్నా పారదర్శకమైన ఏర్పాటు ఏ ప్రభుత్వంలో ఉంది?

ఈ ఏడాది పత్రికలు తెరిస్తే కంప్యూటర్ల గోలే. ఇకమీదట ఒకే ఉత్తరాన్ని నాలుగు యంత్రాల ముందు కూర్చున్న నలుగురు చూడవచ్చునట. దీనికోసం విదేశాల నుంచి నిపుణులు రావాలట! పాపం, మా స్టూలు సంగతి వారికి తెలియదు. కరెంటు ఉన్నా లేకున్నా పనిచేసే ఈ సదుపాయాన్ని పల్నాడు 1984లోనే సాధించింది.

దీని లాభాలు ఒకటా, రెండా? ముందు జవాబుల సమృద్ధిని చూడండి. సత్తెనపల్లి బాలికల వసతిగృహం వార్డెన్ సరస్వతమ్మ గారు, వార్షికోత్సవం ఆదివారం పెట్టుకోవచ్చునా అని రాశారు. మూడు బల్లల వారూ బాధ్యతగలవారు. పెట్టుకోవచ్చునని ఒకరు రాశారు. కూడదని ఒకరు రాశారు. తమ ఉత్తరం మాకు అందలేదని మూడోవారు రాశారు. మూడూ సంఘం ముద్రతోనే వెళ్లాయి. పూర్వం ఆవిడకు ఒక్క జవాబు రావడానికి నెల పట్టేది. ఇప్పుడు వారంలో మూడు! ఆవిడ మూడింటినీ నోటీసు బోర్డుకు అంటించి, పిల్లలను నచ్చినది పాటించమన్నారట. ఆదివారం నాడు సగంమంది పట్టులంగాలు కట్టుకున్నారు, సగంమంది బట్టలుతుక్కున్నారు.

ముప్పాళ్ళ వయోజన విద్యా కేంద్రం వారు ఒక నల్లబల్ల కావాలన్నారు. మూడు నల్లబల్లలు వెళ్లాయి. అక్కడున్నది ఒకటే గది. మూడో బల్లను తలుపుగా బిగించుకున్నారు. ఆ కేంద్రానికి అంతవరకూ తలుపు లేదన్న సంగతి మాకు అలా తెలిసింది. ట్రే ఒకటి కాకపోతే తెలిసేదా?

ఇక మనుషుల మధ్య అరమరికలు ఎలా తొలగాయో చెబుతాను. మాచర్ల నుంచి నాగేంద్రమ్మ గారి చెల్లెలు సొంత ఉత్తరం రాసింది. అత్తగారితో పడలేక నాలుగు రోజులు వచ్చి ఉంటానని సారాంశం. కవరు ట్రేలో పడింది కనుక నియమం ప్రకారం అందరూ చదివారు. యేసుపాదం అత్తగారి పక్షం వహించాడు. వెంకట్రామయ్య గారు ఎర్ర పెన్సిలుతో "పరిశీలించి ఫైలు చేయవలెను" అని రాశారు. జవాబు రాకపోవడంతో చెల్లెలు బయలుదేరలేదు. ఈనాటికీ అత్తాకోడళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. ఒక కాపురాన్ని నిలబెట్టిన ట్రే ఇది!

ముఖ్యమైన ఉత్తరాలకు ప్రత్యేక గౌరవం కూడా ఉంది. నింపాదిగా చదవవలసిన వాటిని వెంకట్రామయ్య గారు చేతిసంచిలో ఇంటికి తీసుకుపోతారు. అవి ట్రేలో ఉండవు కనుక తక్కినవారికి ఆ ఉత్తరాలు రానట్టే. రాని ఉత్తరాన్ని గురించి ఎవరు ఆందోళన పడతారు? మా కార్యాలయంలో రక్తపోటు ఉన్నవారు ఎవరూ లేరు.

ఇప్పుడు హజ్రా బీ సంగతి.

ఆమె కూతురు మహమూదా మా బడిలో నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇరవైనాలుగేళ్లు. ఇంటి వసారాలో పదిహేనుమంది పిల్లలకు అక్షరాలు నేర్పుతుంది. గుంటూరులో ఒక ఉపాధ్యాయ శిక్షణ సంస్థకు దరఖాస్తు పెట్టింది. వచ్చే జనవరితో వయోపరిమితి దాటిపోతుంది. కాబట్టి ఆమెకు ఇదే ఆఖరు అవకాశం.

వాళ్ల సందులో ఇళ్లకు నంబర్లు లేవు. అబ్దుల్ మజీద్ అనే పేరుగలవారు ముగ్గురున్నారు. ముగ్గురూ మెకానిక్కులే. అందువల్ల దరఖాస్తులో చిరునామా దగ్గర ఆ పిల్ల కలం ఆగింది. "మా సంఘం కేరాఫ్ రాయమ్మా, భద్రంగా ఉంటుంది" అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. సలహాతో ఊరుకోక, చిరునామా స్వహస్తాలతో పూర్తిచేసి పెట్టారు.

భద్రత విషయంలో ఆ పెద్దమనిషి మాట అక్షరాలా నిజమైంది.

ఆగస్టు పంతొమ్మిది, మంగళవారం. హజ్రా బీ మెట్లెక్కి వచ్చింది.

"అన్నా, మా మహమూదాకి గుంటూరు నుంచి కాగితం ఏమన్నా వచ్చిందా? పక్క సందులో పిల్లకి వచ్చి చానా రోజులైందంట."

వెంకట్రామయ్య గారు రిజిస్టరు తిప్పారు. ముఖం వెలిగింది. "వచ్చిందమ్మా! నాలుగో తారీకునే వచ్చింది. ఇంటర్వ్యూ కాగితం. ఇదిగో, ఎక్కించి ఉంది."

"వచ్చిందా? మరి మాకు చెప్పలేదేందన్నా?"

"నేను చూసి టిక్కు పెట్టానమ్మా. మీ సందు మీదుగా దినం పోయేది యేసుపాదం. ఏమయ్యా, చెప్పలా?"

"నేనెందుకు చెప్తానండీ?" అన్నాడు యేసుపాదం. "నాది రెండో టిక్కు. మీరు ముందే చూసినారు గదా, కబురు పంపుంటారనుకున్నా. అయినా ఆడపిల్ల సంగతి, నాగేంద్రమ్మక్క చెప్తే పద్ధతిగా ఉంటది."

నాగేంద్రమ్మ గారు టైపు ఆపారు. "బానే ఉందిరా అబ్బాయ్! మీరిద్దరూ చూసి కూకుంటే నేను సందులెంట తిరగాల్నా? నేను తీసేతలికే రెండు టిక్కులున్నయ్. అయిపోయిన కవరేలే అనుకున్నా."

హజ్రా బీ ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. "ఇంటర్వ్యూ ఎప్పుడన్నా?"

"పద్నాలుగు, గురువారం. పొద్దున పదింటికి."

"ఇయ్యాల పంతొమ్మిది గదా."

"అవునమ్మా," అన్నారు వెంకట్రామయ్య గారు. తేదీ విషయంలో ఆమెతో వారికి ఎలాంటి భేదాభిప్రాయమూ లేదు.

కవరును కట్టలోంచి తీసి ఆమెకు ఇచ్చారు. ఆమెకు చదువు రాదు. కవరు మీద గీతలను వేలితో తాకి, "ఇయ్యి ఏంది?" అంది.

"టిక్కులు."

"టిక్కు పెట్టారంటే ఏం జేసినట్టు?"

పాఠకులారా, అప్పుడు గదిలో ఆమె కాక నలుగురం ఉన్నాం.

ఆ కవరును నేను తర్వాత జాగ్రత్తగా పరీక్షించాను. ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు, వెంకట్రామయ్య గారిది. నీలిసిరాతో ఒకటి, యేసుపాదానిది. మామూలు పెన్సిలుతో సన్నగా ఒకటి, నాగేంద్రమ్మ గారిది. నాలుగోది ఆకుపచ్చ సిరా. ఆగస్టు పన్నెండు, మంగళవారం అని కింద తేదీ కూడా వేసి ఉంది. ఇంటర్వ్యూకు ఇంకా రెండు రోజులున్నాయన్నమాట. ఆ మేడ మీద ఆకుపచ్చ సిరా వాడేది ఒక్కరే. రిటైరై నాలుగేళ్లయినా గెజిటెడ్ సిరా మానలేకపోయిన మాజీ ప్రధానోపాధ్యాయురాలు.

తక్కిన ముగ్గురికీ నాకూ ఒక తేడా ఉంది. వారు ఉత్తరం చదివి టిక్కు పెట్టారు. నేను మూడు టిక్కులు చూసి, పని అయిపోయిందనుకుని, కాగితం మడత విప్పకుండానే నాలుగోది పెట్టాను. కవరు మీది పేరు నేను ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన పిల్ల పేరు. కేరాఫ్ చిరునామా నేను రాసి ఇచ్చినది. ముప్పైమూడేళ్లు పిల్లలకు చదవడం నేర్పినదాన్ని నేను.

అంటే ఆ ఉత్తరం మా మేడ మీద నలుగురి చేతుల్లోంచీ వెళ్లింది. అందనిది ఒక్క మహమూదాకే.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉత్తరమంతా మరోసారి చదివింది. కవరు మడిచి, మెల్లగా అంది. "పరీక్ష పేపర్లో కూడా మీరు నాకెప్పుడూ ఇన్ని టిక్కులు పెట్టలేదు టీచర్."

ఏడ్చి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

మర్నాడు హజ్రా బీని వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కాను. కొండవీడు కొండలు వెనకబడ్డాయి. ఆ తర్వాత ఆమె, "టీచరమ్మా, మీరు గూడా పెట్టారా?" అంది. పెట్టానన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

సంస్థవారు మంచివారు. మా కార్యాలయం పొరపాటు వల్ల అభ్యర్థిని రాలేకపోయిందని నేను రాసిచ్చిన కాగితం తీసుకున్నారు. ఖాళీ మిగిలితే సెప్టెంబరులో రెండోసారి పిలుస్తామన్నారు. పిలుపు ఎక్కడికి పంపుతారని అడిగాను. దరఖాస్తులో ఉన్న చిరునామాకే. మార్చడానికి నియమాలు ఒప్పుకోవు.

అంటే, మళ్లీ మా ట్రేకే.

మా సంఘం నిర్లక్ష్యంగా ఊరుకుందని అనుకోవద్దు. అత్యవసర సమావేశం జరిగింది. ఇకపై నాలుగు టిక్కులు చాలవని, ఐదు ఉండాలని తీర్మానించారు. మూడు ట్రేలు తిరిగి పెట్టాలని నేను రాతపూర్వకంగా ప్రతిపాదించాను. ప్రతిపాదనను నియమం ప్రకారం ట్రేలో వేయమన్నారు. వేశాను. దాని మీద ఇప్పటికి మూడు టిక్కులు పడ్డాయి.

ఇప్పుడు నేను రోజూ వెళ్లి ఆ స్టూలు పక్కనే కూర్చుంటున్నాను. అయినా తపాలా నాకన్నా ముందు వచ్చే రోజులున్నాయి. చేతిసంచులున్నాయి. శుక్రవారపు కట్టలున్నాయి. ఒక్క మనిషి కాపలాకు లొంగేంత చిన్న సౌకర్యం కాదు మాది.

కాబట్టి, ఈ పత్రిక చదివే నరసరావుపేట వాసులారా, మీలో చాలామందికి మా మేడ మెట్లెక్కే పని ఏదో ఒకటి ఉంటుంది. హాస్టలు సీటుకో, కుట్టుమిషను దరఖాస్తుకో వస్తారు. వచ్చినప్పుడు ఎవరినీ అడగకండి. నేరుగా ట్రేలో చెయ్యి పెట్టండి. గోధుమరంగు పొడుగు కవరు, మీద షేక్ మహమూదా అన్న పేరు ఉందేమో చూడండి. టిక్కులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి. విప్పకండి. జేబులో పెన్ను జేబులోనే ఉండనివ్వండి. కవరు తీసుకుని మెట్లు దిగండి. అబ్దుల్ రహీమ్ సైకిలు షాపు పక్క సందులో, ఎడమచేతి వైపు మూడో తలుపు. వసారాలో పిల్లలు అక్షరాలు చదువుతుంటారు. వాళ్లమ్మకు కాదు, నాన్నకు కాదు, నాకు అసలే కాదు. ఆ పిల్ల చేతికే ఇవ్వండి.