పరుపు గారి అప్పు

బ్యాంకు గడప దాటగానే దూదేకుల వీధివాళ్ళు కనపడకుండా పోవడం పత్తికుంటలో అందరికీ తెలిసిన సంగతే గానీ, అలా పోయిన మనిషి పైవాడికైనా కనపడతాడా లేదా అన్న అనుమానం మాత్రం ఆ వీధి దస్తగిరిని ఏళ్ళ తరబడి పీడిస్తూ ఉంది. ఒక శుక్రవారం నమాజు తరువాత మసీదు పెద్దను అడిగాడు. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, అది బ్యాంకు మేనేజరును అడగవలసిన మాట అన్నాడు.

బ్యాంకులో అడుగు పెట్టగానే ముందు కాళ్ళు, తరువాత చిరుగు చొక్కా, చివరికి చేతిలోని కాగితాలు మాయమయ్యేవి. మాట్లాడితే పంకా చప్పుడులా వినిపించేది. బ్యాంకువాళ్ళు దీనికేమీ కంగారు పడలేదు. "కనపడని ఖాతాదారులు గోడవారగా నిలబడవలెను. ఇతరులకు తగులుచున్నారు" అని బోర్డు రాయించారు. బోర్డు ఖర్చు ఆ వీధివాళ్ళ ఖాతాల్లోంచే కోశారు. ఖాతాలు మాత్రం చక్కగా కనపడేవి.

దస్తగిరిది పరుపులు కుట్టే కొట్టు. తండ్రి వాడిన విల్లుతోనే దూది ఏకేవాడు. ఊళ్ళోకి ఫోము పరుపులు వచ్చి బేరాలు పడిపోయిన రోజుల్లో, బాలికల హాస్టలుకు పరుపులు కుట్టిచ్చే పని దొరికింది. బడులు తెరిచేలోగా అన్నీ అప్పజెప్పాలి. చేత్తో ఏకితే దసరాకు కూడా తెమలవు. దూది ఏకే యంత్రం కావాలి, యంత్రానికి అప్పు కావాలి, అప్పుకు మనిషి కనపడాలి. ఈ పని చేజారితే కొట్టు డైలీ ఫైనాన్సు పుల్లయ్య పాలవుతుంది.

పుల్లయ్య చూపు మాత్రం గట్టిది. తలుపు చాటున దాక్కున్నా, పక్కూరి సంతలో గుంపులో కలిసిపోయినా దస్తగిరి ఆయనకు కనపడేవాడు. బ్యాంకుకు కనపడని మనిషిని నీకెట్లా కనపడతానన్నా అని అడిగితే పుల్లయ్య నవ్వాడు.

"నువ్వు నాకు బాకీ ఉండావు గదప్పా. బాకీ ఉండేటోడు గోడ యనకాల ఉన్యా కనపడ్తాడు."

ప్రభుత్వం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కనపడని చిన్న వ్యాపారుల కోసం బ్యాంకు మేడ మీద చేయూత కేంద్రం తెరిచింది. అక్కడ అప్పు ఇవ్వరు. అప్పు ఎక్కడ దొరకవచ్చునో చెబుతారు. అడిగిన ప్రతివాడికీ కింది అంతస్తులో ఉన్న బ్యాంకు పేరు చెప్పేవారు. మూడు వారాలు శిక్షణ కూడా ఇచ్చారు. భుజాలు ఎత్తి నిలబడడం, ఎదుటివాడి కళ్ళలోకి చూడడం, తమ మీద తాము నమ్మకం పెంచుకోవడం నేర్పారు. ఇరవై ఏళ్ళుగా ఒక్క కుట్టు ఊడని పరుపులు ఇచ్చిన మనిషికి తన మీద నమ్మకం లేకనే అప్పు పుట్టలేదని ఎవరు తేల్చారో తెలియదు. చివరి రోజు అందరికీ శాలువాలు కప్పి ఫొటో తీశారు. ఫొటోలో శాలువాలే పడ్డాయి.

అది చూసి దస్తగిరి కేంద్రంలోని సలహాదారు మేడమ్‌ను వివరం అడిగాడు. అమ్మితే నాలుగు డబ్బులు వచ్చే వస్తువేదైనా బ్యాంకుకు కనపడుతుందని, ఇందులో బాధపడవలసింది ఏమీ లేదని ఆవిడ దయగా చెప్పింది.

మరునాడు దస్తగిరి కొట్టులోని మంచి పరుపొకటి, ఎర్ర చారల గుడ్డతో కుట్టినది, నెత్తిన పెట్టుకుని బ్యాంకులోకి నడిచాడు. పరుపు గాలిలో తేలుతూ లోపలికి రాగానే మేనేజరు లేచి నిలబడ్డాడు.

"రండి రండి, ఇలా కూర్చోండి."

పరుపును కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పాత బాకీలు లేవు, చెడు అలవాట్లు లేవు, ఎదురు ప్రశ్నలు లేవు. ఇంత నెమ్మదైన ఖాతాదారుణ్ణి తన సర్వీసులో చూడలేదని గుమాస్తాతో అన్నాడు.

"సార్, పరుపు నాది. అప్పు నాకు కావాల," అన్నాడు దస్తగిరి పక్కనే నిలబడి.

"ఆ పంకా ఎవరికైనా చూపించండయ్యా, మరీ గోల చేస్తోంది," అన్నాడు మేనేజరు.

పరుపు మూలను సిరాలో అద్ది వేలిముద్ర వేయించుకున్నారు. అప్పు ఆ పూటే మంజూరైంది. ఆ సంగతి విని దస్తగిరి పెళ్ళాం హుస్సేనమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

"మనకిచ్చిర్యా, పరుపుకిచ్చిర్యా?"

"పరుపు మనదే గదమే."

యంత్రం వచ్చింది. హాస్టలు పరుపులు బడులు తెరవక ముందే అందాయి. కొట్టు నిలబడింది. బ్యాంకు నిబంధన ప్రకారం ఎర్ర చారల పరుపు కొట్టులో యజమాని కుర్చీలో కూర్చుంది. దాన్ని అమ్మకూడదు, దాని మీద పడుకోకూడదు. దస్తగిరి పేరు పరుపు గారి దగ్గర పనివాడిగా నమోదైంది. లాభం పరుపు ఖాతాలో పడేది. కూలి మాత్రం ఠంచనుగా వచ్చేది.

కూలి కూడబెట్టి దస్తగిరి పుల్లయ్య బాకీ తీర్చాడు. పుల్లయ్య నోట్లు లెక్కపెట్టుకుని, తలెత్తి అటూ ఇటూ చూశాడు.

"ఇప్పుడే ఈడ ఉండె గదా, యాడికి పోయినాడబ్బా?"

దస్తగిరి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆ తరువాత గుడ్డల షావుకారు బాకీ తీర్చాడు, షావుకారుకు కనపడడం మానేశాడు. ఇంటి బాడుగ బాకీ కట్టేశాడు, ఇంటి ఓనరు అతని భుజాన్ని గుద్దుకుని, తలుపనుకుని తోసి పోయాడు. కొట్టుకు వచ్చినవాళ్ళు పరుపుకు దండం పెట్టి, బాగుండారా అని అడిగి, దాని ముందే బేరం ఆడి పోయేవారు. అప్పు లేని పేదవాణ్ణి చూసే అవసరం ఊళ్ళో ఎవరికీ ఉన్నట్టు లేదు.

మిగిలింది దర్గా మెట్ల మీద పూలమ్మే ఇమాంబి ఒక్కతే. ఎప్పుడో ఆమె దిండును దూది ఏకి ఇస్తానని దస్తగిరి తండ్రి తీసుకున్నాడు. ఆ దూది ఎవరి పరుపులోనో కలిసిపోయింది, ఆయన పోయాడు. దర్గాకు పోయిన ప్రతిసారీ ముసలమ్మ దస్తగిరిని గుర్తుపట్టి, "ఏం రా దస్తగిరీ, నా దిండు యాడ?" అనేది. ఇప్పుడు ఇంటి బయట అతన్ని పేరు పెట్టి తిట్టే మనిషి ఆమె ఒక్కతే కావడంతో, దస్తగిరి రోజూ దర్గాకు పోసాగాడు.

ఆ వానాకాలం ఇమాంబి మంచాన పడింది. తల కింద మడిచిన కోక ఉందని, మెడ నొప్పికి మూలుగుతోందని హుస్సేనమ్మ చూసి వచ్చి చెప్పింది. దస్తగిరి అటక మీంచి తండ్రి విల్లు దించాడు.

"ఇచ్చినావంటే ఆయవ్వకు గూడా కనపడవు," అంది హుస్సేనమ్మ.

"మనిషి పొయ్యేలోగా ఇయ్యాలమే. నీకు కనపడ్తాండా గదా?"

"పెండ్లినాడు చెప్పిన కమ్మలు ఇంతవరకు ఇయ్యలా నువ్వు. కనపడకుండా యాడికి పోతావు?" అని, మళ్ళీ మెల్లగా అంది. "అవి మాత్రం ఇయ్యొద్దు."

దస్తగిరి దూది ఏకుతూ కూర్చున్నాడు. విల్లు మోగుతుంటే అతనికి పాత అనుమానం గుర్తొచ్చింది. పైవాడి బాకీ ఎవరూ తీర్చగలిగేది కాదు. ఆ లెక్కన ఆయనకు తాను కనపడుతూనే ఉండాలి. బ్యాంకులో గోడవారగా నిలబడిన రోజున కూడా కనపడే ఉండాలి. మరి చూసి ఎందుకు ఊరుకున్నాడో అన్నది కొత్త అనుమానం. దాని గురించి ఎవరినీ అడగలేదు.

దిండు తీసుకుపోయి ఇమాంబి తల కింద తానే సర్దాడు. ఆమె చెంప దానికి ఆనించి కళ్ళు మూసుకుంది. మెత్తగుంది రా అంది. మీ నాయన ఏకినట్టే ఉంది అంది. దువా ఇవ్వడానికి చెయ్యెత్తి, కళ్ళు తెరిచి, గది అంతా చూసింది.

"దస్తగిరీ, పోయినావా?"

అతను మంచం పక్కనే ఉన్నాడు. పలికితే ముసలమ్మ పంకా ఉందేమోనని పైకి చూస్తుందని తెలిసి, పలకలేదు. ఎత్తిన చెయ్యి కిందికి తలవంచి దువా తీసుకున్నాడు. ఆ తరువాత బ్యాంకులో అలవాటైన పద్ధతిలో, ఎవరికీ తగలకుండా గోడవారగా నడిచి బయటికి వచ్చాడు.