ఎనుమును కళ్ళారా చూసినవారు

యుద్ధం రోజుల్లో చిత్తూరులో బియ్యానికీ కిరసనాయిలుకూ కరువొచ్చింది గాని, కళ్ళారా చూసిన సాక్షులకు మాత్రం రాలేదు. ఆ ఘనత వకీలు గుమాస్తా ఓబయ్యది. నేరం ఏదైనా సరే, జరిగిన వారంలోగా నలుగురు దాన్ని చూసి ఉండేలా ఆయన ఏర్పాటు చేసేవాడు.

అంతటి మహానుభావుడికీ కష్టకాలం వచ్చింది. ఆయన తర్ఫీదిచ్చిన నలుగురూ పొల్లుపోకుండా ఒకే పాఠం ఒప్పజెప్పి, ఒకే చోట దగ్గారు. మేజిస్ట్రేటుగారు కేసు కొట్టేశారు. "ఇంకొక్కటి పోతే నువ్వు ఇంటికే" అన్నాడు వకీలు. ఇంట్లో ఉన్నదల్లా భార్య తాయమ్మ, పాలిచ్చే గేదె ఒకటి; చిత్తూరు మాటలో ఎనుము.

ఆ ఆదివారం పూతలపట్టు చర్చిలో అయ్యగారు ప్రసంగించారు. "సువార్తలు నాలుగప్పా! ఖాళీ సమాధి కాడ దూత ఒకడని ఒకరు రాసినారు, ఇద్దరని ఇంకొకరు రాసినారు. ఎందుకు? చూసినోళ్ళు ఎవురికి కనిపించింది వాళ్ళు చెప్పినారు. కూడబలుక్కోనుంటే అన్నీ ఒకటిగానే ఉండవా?"

వెనక వరుసలో కూర్చుని వింటున్న ఓబయ్యకు ఒళ్ళు జలదరించింది. అంతటి భక్తి ఆయనకు మునుపెన్నడూ కలగలేదు.

తరవాతి కేసు వెంకటమునిది, దూడ దొంగతనం. దూడ పోయిన పూట అతను ఏర్పేడులో పెళ్ళిలో ఉన్నాడన్నారు ఓబయ్య తర్ఫీదిచ్చిన నలుగురు సాక్షులు. నాదస్వరం ఒకటని ఒకడు, రెండని ఒకడు. వెంకటముని పాయసం మూడుసార్లు వేయించుకున్నాడని ఒకడు, ముట్టనే లేదని ఇంకొకడు. "ఇంత సహజమైన సాక్ష్యం నా ఉద్యోగంలో వినలేదు" అని మేజిస్ట్రేటుగారు ముద్దాయిని గౌరవంగా విడుదల చేశారు.

వెంకటముని కృతజ్ఞత చెప్పుకోవడానికి ఓబయ్య ఇంటికొచ్చాడు. పోతూ పోతూ ఎనుమును తోలుకుపోయాడు. పట్టపగలు, అరుగు మీదున్న దంపతులిద్దరూ లబోదిబోమంటుండగానే.

"తోలకపోయింది వెంకటమునే సామీ! పచ్చతుండు కట్టినాడు. ఎనుముకు ఎడమకొమ్ము ఇరిగుండాది" అన్నాడు ఓబయ్య కోర్టులో. బోనెక్కి తాయమ్మా అదే చెప్పింది. చూసింది అదే మరి.

మేజిస్ట్రేటుగారు నవ్వారు. "మాటకు మాట సరిపోతోంది. ఎవరో బాగా నేర్పారు." కేసు కొట్టేశారు.

బయటికొచ్చి తాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఉండేదొక్క ఎనుము! సూసింది సూసినట్టు చెప్తే నమ్మరేంది మామా?"

"తప్పంతా నీదే!" కసిరాడు ఓబయ్య. "రెండెనుములని చెప్పుంటే ఒకటన్నా ఇంటికొచ్చుండేది."

ఆ మాట అక్కడున్న నలుగురు విన్నారు. ఆనక నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. అందువల్ల ఈ కథ ముమ్మాటికీ నిజమని పాఠకులు నిరభ్యంతరంగా నమ్మవచ్చు.