జిగురప్ప పక్కా ఇళ్ల పథకం

సన్యాసిరావు గారి నోరు అనే ఒక పెద్ద అడవిలో కంటికి కనిపించని జంతువులు కోట్ల కొద్దీ కాపురముండేవి. వాటిని మనం సూక్ష్మజీవులంటాం. పళ్లు వాటికి కొండలు. పొద్దున్నే బ్రష్ వచ్చి ఇళ్లన్నీ ఊడ్చేసేది. మధ్యాహ్నానికల్లా మళ్లీ గుడిసెలు లేచేవి.

ఎడమవైపు దవడపన్ను మీద పాతయ్య ఉండేవాడు. ఆ పన్ను మొలిచిన వారంలోనే వచ్చి పాగా వేసిన ముసలాడు. ఎవరి జోలికీ పోడు. ఆ కొండ తప్ప వేరే దిక్కు లేదు.

ఒకనాడు జిగురప్ప దిగాడు. వాడి జాతికి గట్టి పన్ను దొరికితేనే బతుకు, బోసినోట్లో నిలవలేరు. చక్కెర తిని జిగురు చేస్తారు, పులుపు విసర్జిస్తారు. వాడు మాత్రం జిగురు సంగతి ఒక్కటే చెప్పుకున్నాడు.

నాలుక మీద సభ జరిగింది. సర్పంచి నాలుకమ్మ ఎటు కావాలంటే అటు తిరిగే మనిషి.

"అక్కా, ఆ దవడపన్ను నాకిప్పించు. బ్రష్షు కాదు, దాని బాబొచ్చినా కదలని పక్కా ఇళ్లు కడతాను" అన్నాడు జిగురప్ప.

పాతయ్య లేచాడు. "అమ్మా, ఈడొదిలే పులుపుకి కొండ కరిగిపోతాదమ్మా! ఆ పులుపు ఈడి ఒంటికి పడతాది, మనకి పడదు."

"తాతా, నువ్వెప్పుడూ ఇంతే, అభివృద్ధికి అడ్డం. సరే, పులుపు మీద కమిటీ వేద్దాం. దాని గురించి జిగురప్పకే బాగా తెలుసు కాబట్టి అతనే అధ్యక్షుడు" అంది నాలుకమ్మ. సభ చప్పట్లతో మోగిపోయింది.

సన్యాసిరావు గారు గంటకో జిలేబీ తినేవారు. ఇళ్లు చకచకా లేచాయి. వాటిల్లో చేరినవాళ్లు పులుపు తట్టుకోలేక వరసగా చచ్చారు. ఖాళీ ఇళ్లలో జిగురప్ప చుట్టాలు దిగారు. మృతులకు పులుపు అలవాటు లేకపోవడమే కారణమని కమిటీ తేల్చింది.

కొండకి గుంత పడింది. "నేలమాళిగ కడుతున్నాం" అన్నాడు జిగురప్ప.

సన్యాసిరావు గారు దవడ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. పటకారు లోపలికి రాకముందే జిగురప్ప పక్క పన్నుకి మకాం మార్చేశాడు. పాతయ్య కదల్లేదు. పన్నుతోపాటే పళ్లెంలో పడ్డాడు. ఆ ముసలాణ్ని తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మర్నాడు సభ రెండు నిమిషాలు మౌనం పాటించింది. మూడో నిమిషంలో పక్క పన్ను పని జిగురప్పకే ఇచ్చింది.

నీతి: ఒక కొండని ముంచిన అనుభవం లేనివాడికి రెండో కొండ ఎవరూ అప్పగించరు.