పుల్లయ్య గారి ప్రధాన సంఖ్య

ఉమ్మడి కుటుంబాన్ని కాపాడేది ప్రేమ కాదు, పెద్దరికం అంతకన్నా కాదు. గణితశాస్త్రం! నమ్మరా? రాజంపేట పక్కన పుల్లయ్య చీనీతోట, అదే బత్తాయి తోట, చూసి రండి. పంచవర్ష ప్రణాళికలో ఆనకట్టలకు చోటిచ్చారు, ఎరువులకు చోటిచ్చారు, ప్రధాన సంఖ్యను మాత్రం మరిచారు. ఎంత అన్యాయం!

పుల్లయ్యకు ముగ్గురు కొడుకులు. తాను బతికుండగా ఇంట్లో రెండో పొయ్యి వెలగకూడదని ఆయన పట్టుదల. కొడుకులకేమో పంపకాల మీద మనసు పుట్టింది. ఆ ఇంట్లో పంపకమంటే చెట్టుకు చెట్టు సరిపోవాలి. ఒక్క చెట్టు తేడా వచ్చినా పెద్దమనుషులు కండువాలు దులుపుకొని లేచిపోతారు. పోనీ, మిగిలిన చెట్టును కొట్టేద్దామా? కాయ కాసే చెట్టు మీద గొడ్డలి వేస్తే వంశానికి అరిష్టమని ఆ ఇంటి మగవాళ్ల నమ్మకం.

దిక్కుతోచక పుల్లయ్య హైస్కూల్లో లెక్కలు చెప్పే దేవేంద్రప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"ఇంకొన్ని మొక్కలు నాటి, మొత్తం రెండువేల ఐదువందల ఇరవై ఒకటి చెయ్యప్పా," అన్నాడు దేవేంద్రప్ప. "అది ప్రధాన సంఖ్య. ఒకటితో భాగిస్తే పోతాది, దాంతో దాన్నే భాగిస్తే పోతాది. ఇంక దేంతోనూ పోదు. శానా మొండిది!"

పుల్లయ్య నాటించాడు. మొక్కలు కాపుకొచ్చాయి. అప్పటినుంచి చూడాలి ఆ సంఖ్య మహిమ!

ముగ్గురికి పంచారు, ఒకటి మిగిలింది. అల్లుళ్లిద్దరినీ కలిపి ఐదు భాగాలు వేశారు, ఒకటి మిగిలింది. మనవళ్ల పేర్లు చేర్చి ఏడు వేశారు. అప్పుడూ ఒకటే! కడప నుంచి ప్లీడరు వచ్చి పది వాటాలు వేసి, మిగిలిన ఆ ఒక్కదాన్ని చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ సంగటి, కోడికూర తృప్తిగా తిని వెళ్లాడు. మద్రాసు రాష్ట్రమే చీలింది గాని, పుల్లయ్య ఇల్లు చీలిందా?

ఊరూరా ఆయన పేరు మోగిపోయింది. "ఇల్లంటే అట్లుండాల!" అన్నారు జనం. పుల్లయ్య మీసం దువ్వుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే తోటలో గొడ్డలి చప్పుడు వినిపించింది. పుల్లయ్య పరుగున వెళ్లి చూస్తే, పెద్దకోడలు కృష్ణవేణమ్మ కొంగు నడుముకు చుట్టుకొని చెట్టు కొడుతోంది. అప్పటికే అది నేల మీదికి సగం వాలింది.

"ఎంత పని చేస్తివమ్మా! కాయ కాసే చెట్టు!"

"పొయ్యిలోకి కట్టెల్లేవు మామా. ఈ పొద్దు ఇంకో పంచాయతీ ఉండాదంట కదా, అందరికీ వండొద్దా?" ఆమె ఆయాసంతో ఆగింది. "ఇల్లు చీలకుండా నిలబెట్టినారని ఊరంతా మిమ్మల్ని మెచ్చుకుంటాండారు. ఆ ఒక్క పొయ్యి ముందర కూసునేది నేను. మీ లెక్కలో నన్ను యాడ కలిపినారు మామా?"

పుల్లయ్యకు నిజంగానే సిగ్గేసింది.

ఇప్పుడు రెండువేల ఐదువందల ఇరవై. దేవేంద్రప్పను అడిగితే తల పట్టుకున్నాడు. ఒకటి నుంచి పది దాకా ఏ అంకెతో భాగించినా శుభ్రంగా పోయే సంఖ్యట అది!

ఆ వారమే పంపకాలయ్యాయి. మూడు పొయ్యిలు వెలిగాయి. ఉమ్మడి కుటుంబం ఇట్లా కూలిపోయినందుకు మీతోపాటు నేనూ చింతిస్తున్నాను. కృష్ణవేణమ్మ మాత్రం కాపురానికొచ్చాక మొట్టమొదటిసారి సంగటి వేడివేడిగా తిన్నది.