సీలున్న ఆరు గుడ్లు

“ఈ గుడ్డు తిని పిల్లకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?” అని పొద్దున్నే పైకి అనేశాను. అప్పటికింకా ఎవరూ ఏమీ తినలేదు.

ఈ లోకంలో కోడిగుడ్డుకున్న రక్షణ మనిషికి లేదు. దానికొక శాఖ, ఆ శాఖకొక భవనం, ఆ భవనానికొక కాపలాదారు (నేను వెళ్లేసరికి నిద్రపోతున్నాడు).

టైఫాయిడ్ నుంచి లేచిన మా అమ్మాయికి రోజుకో గుడ్డు పెట్టమన్నాడు డాక్టరు. తెచ్చిన ఆరింటినీ గిన్నెడు నీళ్లలో వేస్తే ఆరూ తేలాయి; మంచి గుడ్డయితే మునగాలి. అట్ట మీద మాత్రం గుండ్రటి నీలం సీలు: ‘తనిఖీ అయినది, తినదగినది.’

“నీకన్నీ భయాలేనమ్మా! గవర్నమెంటుకంటే నీ గిన్నెకి ఎక్కువ తెలుసా? ఒంటిగంట దాకా చూస్తా, తర్వాత ఉడకబెట్టుకుని తినేస్తా” అంది మా అమ్మాయి.

ఒక గుడ్డు రుమాల్లో చుట్టుకుని, ఖాళీ అట్ట చంకలో పెట్టుకుని తనిఖీ కార్యాలయానికి పరిగెత్తాను.

కింద పెంకు విభాగం. గుమాస్తా గుడ్డును నాలుగువైపులా తిప్పి, పెంకు బాగుందని రాసుకున్నాడు.

“మరి లోపల, బాబూ?”

“లోపల మాది కాదమ్మా. పగిలినవైతే పై అంతస్తు.”

“అయితే పగలగొట్టు.”

“సీలున్నదాన్నా? నా ఉద్యోగం పోతుంది!”

పైన సొన విభాగం. గుడ్డు పగలకుండా వచ్చినందుకు అక్కడి మేడం నొచ్చుకుంది. నేనే బల్ల అంచుకు కొట్టబోయాను.

“ఆగండాగండి! మీరు పగలగొడితే అది ప్రమాదం. ప్రమాదాలు వేరే విభాగం.”

నీళ్లలో తేలిందని చెప్పాను. ఆవిడ గుర్తింపు పొందిన పరీక్షల జాబితా మొత్తం ఓపిగ్గా చదివింది. అందులో నీళ్లు లేవు. (కోళ్లు ముందస్తు సమాచారం లేకుండా గుడ్లు పెడుతున్నందున ఆలస్యానికి చింతిస్తున్నామని ఆవిడ వెనకే నోటీసు.)

ఒంటిగంటకి అయిదు నిమిషాలుందనగా పెద్ద తనిఖీదారు గదిలో పడ్డాను. గుడ్డూ అట్టా ఆయన ఫైళ్ల మీద పెట్టాను.

“ఈ సీలు ఎవరేశారు సార్?”

“నేనే.”

“గుడ్లు చూసే వేశారా?”

“అట్టలు చూసి వేశానమ్మా. గుడ్లు తర్వాత సర్దుతారు.”

అంతలో ఫోన్ మోగింది. స్పీకరు నొక్కాను.

“అమ్మా, నీళ్లు మరుగుతున్నాయి. గుడ్డు వెయ్యనా?”

“ఒక్క మాట చెప్పండి సార్. వెయ్యమననా, వద్దననా?”

ఆయన గుడ్డు వైపు చూశాడు. సీలు వైపు చూశాడు. చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు. ఫోన్‌లో నీళ్లు కుతకుతలాడడం ఇద్దరికీ వినిపిస్తోంది. ఆయన లేచి వెళ్లి, తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

“మా ఆవిడ చన్నీళ్లలో వేసి చూస్తుందమ్మా. తేలితే పారేస్తుంది.”

“సీలున్నా?”

“సీలుంటే రెండుసార్లు వేస్తుంది.”