గిన్నెడు టమాటా ముక్కల అదృశ్యం

"వెంకటాద్రి బావా! ఈ బందరులో నేరమనేది నోరు మూసుకుని పడుందంటే అది నా భయానికే," అన్నాడు ఇస్సాకు, మే నెల పదకొండింటి ఎండలో నల్లకోటు తొడుక్కుంటూ.

తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరైన రోజు నుంచీ మా పక్కింటి ఇస్సాకు డిటెక్టివ్. ఇంతవరకూ ఒక్క కేసూ రాలేదు. నేను మాత్రం అసిస్టెంటునైపోయాను.

ఆ రోజు కేసు వచ్చింది. తెచ్చింది వాళ్ల కోడలు కల్పన.

"మావయ్యా, టమాటాలు పోయాయండీ!"

కల్పన అవనిగడ్డ పిల్ల. కాపురానికొచ్చి నాలుగు నెలలైనా అత్తగారు దేవమ్మ వంటింట్లో గరిటె ముట్టుకోనివ్వలేదు. బతిమాలగా బతిమాలగా ఇవాళ ఒక్కపూట ఇచ్చింది. కల్పన పాస్తా చేస్తానంది. అందులో టమాటాలు ఉడకబెట్టక్కర్లేదు. పచ్చి ముక్కల్లో ఉప్పు, దంచిన వెల్లుల్లి, కాస్త నూనె కలిపి గంటసేపు ఊరనిస్తే చాలు, వేడి పాస్తా అందులో కలిపేయడమే. గిన్నె గట్టుమీద పెట్టి స్నానం చేసొచ్చేసరికి గిన్నె లేదు.

"అత్తయ్యగారికి చెప్పకండి. ఒంటిగంటకి వడ్డించకపోతే ఇక వంటింటి గుమ్మం తొక్కనివ్వరు."

"చెప్పను. కేసు వివరాలు సాక్షులకి చెప్పేవాడు డిటెక్టివే కాదు."

వంటింటి నుంచి డాబా మెట్లదాకా ఎర్రటి చుక్కలు వరసగా పడి ఉన్నాయి. చూపించాను. ఇస్సాకు గుడ్డ తెచ్చి అన్నీ తుడిచేశాడు.

"నేరస్థలం శుభ్రంగా ఉంటేనే ఆధారాలు కనిపిస్తాయి బావా!"

తర్వాత, వరండాలో చింతపండు ఈనెలు తీస్తున్న దేవమ్మ ఎదుట కుర్చీ వేసుకున్నాడు.

"ఉదయం నుంచీ ఇంట్లోకి అపరిచితులెవరైనా వచ్చారా?"

"ఆ కోటేంటండీ? చెమటకాయలు లేస్తాయి."

"ప్రశ్నకి జవాబు!"

"ఎవరూ రాలేదు."

"అనుమానించదగ్గ మనిషి ఎవరైనా కనిపించారా?"

"కనిపిస్తూనే ఉన్నారుగా, ఎదురుగా."

ఇస్సాకు నా చెవిలో గొణిగాడు. "ఈవిడకేమీ తెలీదు. దొంగ డాబా మీదుగా పారిపోయాడు."

పన్నెండున్నర దాటింది. పొయ్యి మీద పాస్తా ఉడుకుతోంది. కల్పన కళ్లు తుడుచుకుంటోంది.

"మళ్లీ టమాటాలు తెచ్చిపెట్టనా అమ్మా?" అన్నాను.

"ఊరడానికి టైమేదండీ బాబాయిగారూ?"

అడుగుల చప్పుడు వినపడకూడదని ఇస్సాకు చెప్పులిప్పి మరీ డాబా ఎక్కాడు. మూడో అడుగుకే అరికాళ్లు చుర్రుమన్నాయి. గెంతుకుంటూ వెళ్లి, పిట్టగోడ పక్కన కనిపించిన తెల్లగుడ్డ లాగి కాళ్లకింద వేసుకున్నాడు. దాని కింద పళ్లెంలో ఎర్రెర్రగా ఏదో ఉంది.

"బావా! రక్తం! ముక్కలు ముక్కలు చేశారు!"

కింద నుంచి దేవమ్మ గొంతు లేచింది. "ఆ గుడ్డ తీశారేంటండీ, కాకులు వాల్తాయి! పిల్ల నిలవపచ్చడికి టమాటాలు కోసి, ఉప్పేసి మర్చిపోతే, నేనే పసుపు కలిపి ఎండలో పెట్టా!"

కల్పన పరుగున వచ్చింది. "పచ్చడికి కాదండీ అత్తయ్యగారూ, పాస్తాకి!"

"ఉప్పేసిన టమాటా ఎండలో పెట్టక గట్టుమీద ఉంచుతారా ఎవరన్నా?"

ఎండకి ముక్కలు వెచ్చబడి, రసం దిగి, వెల్లుల్లి ఘుమఘుమలాడుతోంది. కల్పన పాస్తా వార్చి అందులో కలిపేసింది. పసుపుపచ్చగా వచ్చింది. దేవమ్మ చేత్తో కలుపుకుని ఒక ముద్ద తింది. ఇంకాస్త వడ్డించమన్నట్టు పళ్లెం ముందుకు జరిపింది.

ఇస్సాకు బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని గర్జించాడు. "కేసు తేలిపోయింది! దొంగ డాబా ఎక్కాడని చెప్పానా లేదా?"

దేవమ్మ వినిపించుకోలేదు.

"కల్పనా, రేపు గుడ్లవల్లేరు నుంచి మా చెల్లెలొస్తోంది. వంట నువ్వే చెయ్యి, ఇదే. ముక్కలు ఎండలో పెట్టడం మాత్రం నీకు చేతకాదు, అది నాకొదిలెయ్."